అరువు పద్దులు 412, ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒక్కో అంకె: ఏం చేయాలి?

పల్నాడు జిల్లా నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "మాది ఎరువులు, పురుగుమందుల షాపు. నాన్నగారికి ఒంట్లో బాగోక నేను చూసుకుంటున్నాను. ఆయన ఖాతా పుస్తకాల్లో ఉన్న అరువులన్నీ షీట్‌లోకి ఎక్కించాను, 412 పద్దులు వచ్చాయి. ఇంకా రావాల్సినవి ఎన్నో చేత్తో లెక్కపెడితే ఒకసారి 231, ఇంకోసారి 236, మూడోసారి 228. ఈ సీజన్ సరుకుకు బ్యాంకు 11 శాతం వడ్డీకి 6 లక్షల ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఆ పరిమితిదాకా కావాల్సినప్పుడు వాడుకునే అప్పు) ఇస్తానంటోంది. తీసుకోమంటారా?"

ఓడీ సంగతి తర్వాత, ముందు లెక్క తేలాలి. ఎన్ని బాకీలు బతికున్నాయో తెలియకుండా 6 లక్షలకు సంతకం పెట్టొద్దు. పేర్లు తీసేసి మీరు పంపిన షీట్ తెరిచి నేనే వేసి చూశాను. సూత్రాలు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, షీట్‌లో మాత్రం సూత్రాల పేర్లు, కాలమ్ అక్షరాలు ఇంగ్లీషులోనే కొట్టాలి, 'బాకీ' అన్న మాట మీ షీట్‌లో ఉన్నట్టే ఉండాలి. మీ షీట్‌లో సి కాలమ్ అరువిచ్చిన తేదీ, డి కాలమ్ మొత్తం, ఇ కాలమ్‌లో 'బాకీ' లేదా 'తీరింది' అని ఉంది. అలా ఉంటే ఎన్ని బాకీలో చెప్పడానికి ఒక్క సూత్రం చాలు:

=కౌంట్‌ఇఫ్(ఇ2:ఇ413, "బాకీ")

మొదట చూడాల్సిన కాలమ్, తర్వాత కామా, కోట్స్‌లో షరతు. ఎక్సెల్‌లోనైనా గూగుల్ షీట్స్‌లోనైనా ఇదే. నాకు 228 వచ్చింది, మీరు మూడోసారి లెక్కపెట్టినంతే, కానీ అది తప్పు. ఐదు సెల్స్‌లో 'బాకీ' తర్వాత ఒక ఖాళీ ఉంది, కంటికి కనిపించదు, షీట్‌కు మాత్రం అది వేరే మాట. ట్రిమ్ వేసి ఆ ఖాళీలు తీసేస్తే 233. ఇకమీదట ఆ కాలమ్‌లో చేత్తో టైప్ చేయకండి, రెండు మాటలతో డ్రాప్‌డౌన్ పెట్టుకుని ఎంచుకోండి.

233 అన్న అంకె ఒక్కటే మీకు పనికిరాదు. ఆగస్టులో మిర్చికి మందు తీసుకెళ్లిన రైతు కాయ కోసి, కల్లంలో ఆరబెట్టి, గుంటూరు యార్డులో అమ్మేసరికి ఫిబ్రవరి, మార్చి అవుతుంది, కొందరికి ఏప్రిల్ కూడా. అందుకని ఎనిమిది నెలల బాకీని చూసి కంగారు పడక్కర్లేదు. ఏడాది దాటిందంటే మాత్రం ఒక పంట డబ్బు అతని చేతికొచ్చి కూడా మీకు రాలేదని అర్థం. అసలు గీత అక్కడ గీయాలి. ఇక్కడ రెండు షరతులు కావాలి, కాబట్టి చివర ఎస్ ఉన్న కౌంట్‌ఇఫ్స్ వాడాలి:

=కౌంట్‌ఇఫ్స్(ఇ2:ఇ413, "బాకీ", సి2:సి413, "<"&ఈడేట్(టుడే(), -12))

ఈడేట్(టుడే(), -12) అంటే ఇవాళ్టికి సరిగ్గా పన్నెండు నెలల ముందు తేదీ. బాకీ అయ్యుండాలి, ఏడాదికి ముందుదై ఉండాలి, రెండూ కుదిరిన వరుసల్నే లెక్కపెడుతుంది. 'అంతకంటే తక్కువ' అనే ఆ చిన్న గుర్తు కోట్స్ లోపల, తేదీ బయట, మధ్యలో & ఉండాలి, చాలామంది తప్పు చేసేది అక్కడే. రెండు కాలమ్‌లూ ఒకే పొడవు ఉండాలి, ఒకటి 413 దాకా ఇంకొకటి 400 దాకా ఇస్తే ఎర్రర్ వస్తుంది. రెండు షరతుల్లో ఏదో ఒకటి చాలనుకుంటే కౌంట్‌ఇఫ్స్ ఆ పని చేయదు, విడివిడిగా లెక్కపెట్టి కలుపుకోవాలి, రెండిటికీ సరిపోయే వరుసలు ఉంటే వాటిని ఒకసారి తీసేయాలి.

ఇదే పద్ధతిలో మూడు గుంపులు చేశాను: ఏడాది లోపువి, ఏడాది నుంచి మూడేళ్ల మధ్యవి, మూడేళ్లు దాటినవి. మూడూ కలిపితే 233 రావాలి కదా, 214 వచ్చింది. 19 పద్దులు ఏ గుంపులోనూ లేవు! మీ షీట్‌లో నాకు అన్నిటికంటే భయమేసింది ఇక్కడే, ఎందుకంటే షీట్ ఎర్రర్ చూపించదు, నిశ్శబ్దంగా తక్కువ చెప్తుంది. =కౌంట్(సి2:సి413) అని వేస్తే 412 రావాల్సింది 381 వచ్చింది. అంటే 31 తేదీలు షీట్ దృష్టిలో తేదీలే కావు, ఉత్త అక్షరాలు, వాటిలో 19 బాకీ పద్దులవి. 25/08 లాంటి తేదీని అమెరికా పద్ధతిలో ఉన్న షీట్ 25వ నెల అనుకుని అర్థంకాక వదిలేస్తుంది. అంతకంటే ప్రమాదం 05/08, మే 8 అనుకుని మాట్లాడకుండా తీసేసుకుంటుంది. సెట్టింగ్స్‌లో లొకేల్ (ఏ దేశం పద్ధతో చెప్పేది) ఇండియాకు మార్చండి, కానీ అలా మార్చినంత మాత్రాన ఇప్పటికే తప్పుగా పడినవి సరికావు, 12వ తేదీ లోపున్న ప్రతి పద్దునూ ఖాతా పుస్తకం పక్కన పెట్టుకుని ఒకసారి సరిచూడండి. ఒక పూట పని. నేను 31 తేదీలూ సరిచేసిన తర్వాత వచ్చిన లెక్క ఇది, మీరు సరిచూశాక అటూ ఇటూ కొద్దిగా మారొచ్చు:

ఏడాది లోపు 141 పద్దులు, 8,10,000 రూపాయలు. ఏడాది నుంచి మూడేళ్లు 71 పద్దులు, 4,35,000. మూడేళ్లు దాటినవి 21 పద్దులు, 1,75,000. (మొత్తాలకు సమ్‌ఇఫ్స్ వాడాను. అందులో కూడాల్సిన డి కాలమ్ ముందు రాయాలి, షరతులు తర్వాత.)

మూడేళ్ల గీత ఊరికే గీయలేదు. ప్రామిసరీ నోటు మూడేళ్లకు తిరగరాయించాలని మీ నాన్నగారికి బాగా తెలిసే ఉంటుంది, అరువు సరుకుకూ అదే కాలదోషం. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం సరుకు ఇచ్చిన రోజు నుంచి, గడువు పెట్టి ఇస్తే ఆ గడువు ముగిసిన రోజు నుంచి, మూడేళ్లలోపే దావా వేయగలరు. ఆ మూడేళ్లు నిండకముందే బాకీదారు 'ఇంత ఇవ్వాలి' అని రాసి తేదీ వేసి సంతకం పెడితే, లేదా కొంత కట్టి ఆ సంగతి తన చేతిరాతతోనో సంతకంతోనో చెల్లు వేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అందుకని వచ్చే ఆరు నెలల్లో కాలం చెల్లిపోయేవి ఎన్నో కూడా చూశాను: తేదీ ఈడేట్‌లో -36కు తర్వాత, -30కి ముందు. 18 పద్దులు, 1,32,000. వీటికి ఈ వారమే బయల్దేరండి. డబ్బు చేతిలో లేదన్నవాళ్ల దగ్గర కనీసం ఖాతా పేజీ మీద సంతకం తీసుకోండి, వెయ్యి రూపాయలిచ్చినా చెల్లు రాయించండి. పెద్ద మొత్తాలకు వకీలుకు ఒకసారి చూపించండి.

తర్వాత ఏడాది నుంచి మూడేళ్ల మధ్య ఉన్న 71 పద్దుల్లో డి కాలమ్ మీద ">=10000" అని మూడో షరతు కలిపాను. 13 పద్దులే వచ్చాయి, వాటి మీద 2,60,000 ఉంది! మిగతా 58 పద్దులూ కలిపినా 1,75,000 మించదు. కాలం చెల్లిపోయేవి పోగా మిగతావాటికి మీరు ఊరంతా తిరగక్కర్లేదు, ఆ 13 పద్దుల వాళ్ల ఇళ్లకు వెళ్తే చాలు. నాన్నగారికి ఓపిక ఉంటే ఆయన్ని కూడా బండి మీద తీసుకెళ్లండి, వాళ్లకు అరువిచ్చిన మనిషి ఎదురుగా కూర్చుంటే మాట వేరుగా ఉంటుంది.

ఇక ఓడీ. 6 లక్షలూ ఏడాదంతా వాడితే వడ్డీ 66,000, నెలకు 5,500. పాత బాకీల్లో 2 లక్షలు వసూలైతే 4 లక్షలతో సరిపోతుంది, 22,000 మిగులుతుంది. లిమిట్ 6 లక్షలకే తీసుకోండి, వడ్డీ వాడుకున్నదానికే కాబట్టి నష్టం లేదు, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో మాత్రం ముందే అడగండి. వాడకం 4 లక్షలు దాటకుండా చూసుకోండి. మూడేళ్లు దాటిన 1,75,000ను రావాల్సిన సొమ్ములో కలిపి ప్లాన్ వేయకండి, వస్తే సంతోషం.

ఒక్కటి చెప్పడం మర్చిపోయాను, 233 పద్దులంటే 233 మంది కాదు. మీ ఊళ్లో వెంకటేశ్వర్లు గార్లు ముగ్గురుండొచ్చు, ఒకే వెంకటేశ్వర్లు గారు షీట్‌లో నాలుగు రకాల స్పెల్లింగులతో ఉండొచ్చు. ప్రతి మనిషికీ ఒక ఖాతా నంబరు ఇచ్చి ఎఫ్ కాలమ్‌లో వేయండి. అప్పుడు ఈ సీజన్‌లో ఎవరైనా అరువుకు వస్తే, వాళ్ల ఖాతా నంబరు హెచ్1 సెల్‌లో కొట్టి ఇది చూడండి:

=కౌంట్‌ఇఫ్స్(ఎఫ్2:ఎఫ్413, హెచ్1, ఇ2:ఇ413, "బాకీ", సి2:సి413, "<"&ఈడేట్(టుడే(), -12))

సున్నా వస్తే అరువివ్వండి. ఒకటో రెండో వస్తే పాతదాంట్లో కొంత కట్టి చెల్లు వేసేదాకా కొత్త బస్తా నగదుకే.