సందేహాలు – సమాధానాలు: పాటను పంచుకోవచ్చునా?

సందేహం: యూట్యూబులో మంచి పాటలు, నాటక పద్యాలు, వింత వీడియోలు కంటబడినప్పుడల్లా మా మిత్రుల వాట్సాప్ బృందానికి పంపి, కింద ‘మీతో పంచుకుంటున్నాను’ అని రాస్తుంటాను. ఈమధ్య ‘చెల్లియో చెల్లకో’ పద్యం పాత రికార్డు ఒకటి దొరికితే అలాగే రాశాను. మా పెదనాన్నగారు చూసి, ‘పంచుకుంటే నీ దగ్గర కొంత తరగాలి కదా! తరగనిదాన్ని పంచుకోవడమేమిటి? పంపుతున్నాను అని రాయి’ అన్నారు. ‘పంచుకొను’ ఇక్కడ తప్పేనా?

సమాధానం: మీ పెదనాన్నగారి అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. అయితే ఆయన వద్దన్న ‘పంచు’, ఆయన రాయమన్న ‘పంపు’ ప్రాచీన భాషలో ఒకచోట ఒకే అర్థంలో కలుసుకున్నాయి. ఆ సంగతి చెప్పకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు.

నేటి వాడుకలో ‘పంచు’ అంటే భాగాలు చేసి ఇవ్వడం. వాటా అన్న అర్థంలోని ‘పాలు’, బీటలువారడాన్ని చెప్పే ‘పగులు’ దీని తోబుట్టువులు. తమిళంలో విడదీయడాన్ని చెప్పే ‘పకు’, వాటాను చెప్పే ‘పంగు’, ‘పాల్’ దీని దాయాదులు. ఒకటిగా ఉన్నది రెండు కావడమే ఈ వంశమంతటికీ మూలార్థం. నది చీలితే ఏర్పడే ‘పాయ’, జుట్టును రెండుగా విడదీసే ‘పాపట’ కూడా ఈ ఇంటి మాటలేనని నా అభిప్రాయం. ‘పాలు’ ఇప్పటికీ మన నోట ఎంత సజీవంగా ఉందో చూడండి. ‘నూటికి తొంభై పాళ్ళు’ అంటాం. ఇల్లు అగ్గిపాలైందనీ, సొమ్ము దొంగలపాలైందనీ, మనిషి నవ్వులపాలయ్యాడనీ అంటాం. ఇల్లు అగ్గికి, సొమ్ము దొంగలకు, మనిషి పదిమంది నవ్వులకు వాటాగా పోయినట్లు చెప్పడం ఎంత గొప్ప పలుకుబడి! ఇక ‘పాలుపంచుకొను’ అన్న మాటలో ఒకే ధాతువు రెండు రూపాలు ధరించి పక్కపక్కన నిలిచింది.

మీరు మిత్రులకు పంపిన పద్యం కూడా ఈ పాలు తగవులోనిదే కావడం నాకు చాలా సంతోషం కలిగించింది. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి (1870–1950) తిరుపతి వేంకట కవులుగా రాసిన ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకాల కథ అంతా, దాయాదుల మధ్య పంపకం జరగకపోవడం వల్ల నడిచిన కథ. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి మహానటులు కృష్ణపాత్రలో ఆ పద్యాలు పాడుతుంటే తెల్లవార్లూ కూర్చుని విన్న తరం మాది. అక్షరం రానివారు కూడా వాటిని కంఠతా పట్టి గట్లమీద పాడుకున్నారు. ఆ పద్యంలో కృష్ణుడు తనను ‘దూతగఁ బంపిరి’ అని చెబుతాడు. ‘పంపకం’ కోసం వచ్చినవాడు తనను ‘పంపిరి’ అంటున్నాడు కాబట్టి రెండూ ఒకటేనని ఎవరైనా భ్రమపడవచ్చు. పంపకం ‘పంచు’ నుంచి వచ్చింది. దూతను పంపే ‘పంపు’ వేరు. దానికి చుట్టరికం ‘పని’తో.

పనికి నియోగించడాన్ని ప్రాచీనులు ‘పనుచు’ అన్నారు. మధ్యలోని ఉకారం జారిపోయి అది ‘పంచు’ అయింది. కావ్యాలలో రాజు దూతను ‘పంచె’ అంటే పంపాడని, లేదా ఆజ్ఞాపించాడని అర్థం. ‘పంపు’ నామవాచకంగా ఆజ్ఞను చెబుతుంది. ‘రాజు పంపున’ అంటే రాజాజ్ఞ చేత అని. తమిళంలో ‘పణి’ పనినీ చెబుతుంది, ఆజ్ఞనూ చెబుతుంది. కాబట్టి తెలుగులో ‘పంచు’ అన్న రూపంలో రెండు వేర్వేరు ధాతువులున్నాయి. ఒకటి పాలు కుటుంబానిది, మరొకటి పని కుటుంబానిది. ప్రాచీన కావ్యాన్ని కొత్తగా చదివే విద్యార్థి, సేవకుణ్ణి ‘పంచె’ అన్నచోట వాటాలు వేయడమని అర్థం చెప్పుకుంటే కథే తారుమారవుతుంది. ‘పద్యమును మిత్రులకడకుఁ బంచితిని’ అని మీరు గ్రాంథికంలో రాసి ఉంటే మీ పెదనాన్నగారు కోరిన అర్థమే వచ్చి ఉండేది. ఈ రెండో ‘పంచు’ వాడుకలోంచి తొలగిపోయింది కాబట్టి ఇప్పుడు దాని అండ మీకు దొరకదు. వసారా అనే అర్థంలోని ‘పంచ’కూ, కట్టుకునే ‘పంచె’కూ, సంస్కృతపు అయిదుకూ ఇక్కడ ప్రసక్తి లేదు.

ఇక ‘పంచుకొను’ విషయం. ‘కొను’ చేరితే ఫలం కర్తకే చెందుతుంది. అన్నదమ్ములు పొలం పంచుకున్నారంటే ఎవరి పాలు వారు తీసుకున్నారని అర్థం. అందుకే ఈ క్రియకు సహజమైన కర్త బహువచనం. ‘నేను పంచుకుంటున్నాను’ అని ఒక్కడే కర్తగా నిలిచి, ఎదుటివారిని ‘తో’ ప్రత్యయంతో వెంటబెట్టుకునే వాక్యం ఇంగ్లీషు నీడలో పెరిగింది. అయినా ‘కష్టసుఖాలు పంచుకోవడం’ దాకా ఎవరికీ పేచీ లేదు. బాధ చెప్పుకుంటే తేలికపడుతుంది కాబట్టి అక్కడ పంపకం భావం కొంత నిలుస్తుంది. పాట అలా కాదు. ఎందరికి వినిపించినా అది మీ దగ్గర చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇలాంటివాటి స్వభావం మన పెద్దలకు బాగా తెలుసు. విద్యాధనాన్ని గురించిన సుభాషితం ‘న భ్రాతృభాజ్యం’ అంటుంది, అంటే సోదరులు పంచుకోవడానికి వీలులేనిది అని. ‘వ్యయే కృతే వర్ధత ఏవ నిత్యం’, ఖర్చు చేసినకొద్దీ పెరిగేది అని కూడా ఆ శ్లోకమే చెబుతుంది. మీ పెదనాన్నగారి మాటకు ఇంతకన్న గట్టి ఆధారం అక్కరలేదు.

నన్ను నిజంగా నొప్పించే సంగతి మరొకటి ఉంది. తెలుగు క్రియ, అందుకునేవాడు ఏమి చేస్తాడో చూసి మాట ఎంచుకుంటుంది. పాటను వినిపిస్తాం, వీడియోను చూపిస్తాం, కథను చదివిస్తాం, వార్తను తెలియజేస్తాం, వింతను చెబుతాం, పెద్దవారికి చెప్పవలసిన సంగతిని వారి చెవిన వేస్తాం. ఇన్ని మాటలుండగా, పాటకూ ఫొటోకూ వంటకూ వార్తకూ అన్నిటికీ ‘పంచుకోవడం’ ఒక్కటే రాసి, తక్కినవాటిని మూలపడేయడం తగదు. ‘ఈ వీడియోను మీతో పంచుకోవడానికి సంతోషిస్తున్నాను’ అని రాసేవారు, ఇంట్లో అమ్మకు అదే వీడియో చూపిస్తూ ఆ వాక్యం అనగలరేమో ఒకసారి అని చూడాలి. అంతకన్న ‘షేర్ చేశాను’ అన్నవారి మాటే నాకు నయమనిపిస్తుంది. అరువు మాట అరువు మాటగానే కనబడుతుంది. దానివల్ల తెలుగు ధాతువు అర్థమూ చెదరదు, విభక్తీ చెదరదు.

ఇలాగే నెట్‌లో కనబడిన పాటను ‘కనుగొన్నాను’ అని కొందరు, ‘ఆవిష్కరించాను’ అని మరికొందరు రాస్తున్నారు. వెతికి సాధించినదైతే కనుగొన్నాననడం సరే. అనుకోకుండా ఎదురైనది కంటబడుతుంది, చెవిన బడుతుంది, తారసపడుతుంది. మీరు ఉత్తరంలో ‘కంటబడినప్పుడల్లా’ అని రాయడం చూసి ఎంతో ముచ్చటపడ్డాను.

పెదనాన్నగారు సూచించిన ‘పంపుతున్నాను’ నిర్దుష్టమే కానీ, అది పాట చేరిందని మాత్రమే చెబుతుంది. వినాలన్న మీ కోరిక అందులో లేదు. ‘రాయబారం పద్యం ఒకటి చెవిన బడింది, మీకు వినిపిస్తున్నాను’ అని రాస్తే ఆ కోరిక కూడా చేరుతుంది. జనం నోట నాటుకున్న ‘పంచుకుంటున్నాను’ను ఈనాడు అపశబ్దమని కొట్టివేయడానికి నాకు మనసొప్పదు. మరో తరం గడిస్తే నిఘంటువులు దానికి కొత్త అర్థం రాసి పెట్టుకోవచ్చు కూడా. రాయక తప్పనప్పుడు ‘మీతో పంచుకుంటున్నాను’ అనే రాయండి. ఈమధ్య కొందరు రాస్తున్న ‘మీకు పంచుకుంటున్నాను’ మాత్రం ఏ లెక్కన చూసినా తప్పే.