కొండను చూశాడా, కొండ కనిపించిందా?

సందేహం: ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ మీద వ్యాసం రాస్తూ "సెజాన్‌కు ఆ కొండ రోజుకో తీరుగా కనిపించింది" అన్నాను. కర్త మనిషే కావాలంటూ మిత్రుడొకరు దాన్ని "సెజాన్ ఆ కొండను రోజుకో తీరుగా చూశాడు" అని దిద్దారు. ఏది ఒప్పు?

సమాధానం: వ్యాకరణానికి రెండూ ఒప్పే. మీ వాక్యాన్ని మాత్రం మార్చకండి. "నాకు పిల్లలు కనిపించారు" అంటాం. క్రియ పిల్లలతోనే పోతుంది, చూసేవాడు 'కు' తగిలించుకుని పక్కన నిలబడతాడు. "నాకు ఆకలేసింది" అన్నప్పుడు ఎవరికీ రాని అనుమానం ఇక్కడెందుకో! తాళంచెవి పోతే "ఎంత చూసినా కనిపించలేదు" అంటాం కదా. చూడటం మన ప్రయత్నం, కనిపించడం మన చేతిలో లేదు.

మీ విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. వస్తువు కొలతల్లో ఎలా ఉందన్నది కాదు, అనుభవంలోకి ఎలా వస్తుందన్నది ఫినామినాలజీ అనే తత్వశాస్త్ర శాఖ పట్టించుకునే సంగతి. ఫ్రెంచి తత్వవేత్త మెర్లో-పోంతీ 1945లో సెజాన్ మీద రాసిన వ్యాసంలో దీన్ని బొమ్మల్లోంచే చూపించాడు. గుండ్రటి పళ్లేన్ని ఏటవాలుగా చూస్తే కెమెరాకు కచ్చితమైన కోలగా పడుతుంది. మన కంటికి ఆ ఆకారం కోల చుట్టూ ఊగుతుంది గానీ కోలగా స్థిరపడదు. సెజాన్ భార్య బొమ్మలో ఆమె వెనక గోడకాగితం అంచుపట్టీ అటూ ఇటూ ఒకే గీతలో కలవదు. చేతకాక కాదు, వెడల్పాటి కాగితం కింద నుంచి గీత పోతే, బయటికున్న రెండు ముక్కలూ తప్పిపోయినట్టే ఉంటాయి. ఇలాంటి చోట "చూశాడు" అంటే ఆ వంకర సెజాన్ కల్పించుకున్నదే అని ధ్వనిస్తుంది.

మిత్రుడి మాటకూ చోటుంది. ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ పట్నం దగ్గరి సాంత్ విక్త్వార్ కొండను సెజాన్ ఏళ్ల తరబడి వేస్తూనే ఉన్నాడు. ఆ చాకిరీ చెప్పేటప్పుడు "చూశాడు" అనే అనాలి. 1906లో, పోయే ముందు, కొడుక్కి రాసిన ఉత్తరంలో నది ఒడ్డున చోటు మారకుండా కాస్త కుడికో ఎడమకో ఒరిగితే చాలు, నెలలకు సరిపడా పని ఉందన్నాడు. ఒరగడం చూడటం కిందికొస్తుంది, ఒరిగాక ఎదురుపడింది కనిపించడం కిందికి.

ఒక్క జాగ్రత్త. "పైకి అలా కనిపిస్తాడు" అంటే లోపల వేరే అని అర్థం. "నిజానికి కొండ ఒకటే అయినా" లాంటివి ముందు చేర్చారో, కనిపించిందంతా భ్రమ అయిపోతుంది; మెర్లో-పోంతీ చెప్పింది అది కాదు. 'కనబడింది', 'అగుపించింది' అన్నా ఇబ్బంది లేదు. 'దర్శనమిచ్చింది' మాత్రం వద్దు, కొండ మీద గుడి ఉందనుకుంటారు.