మీ జీపు ఫోర్డా, విల్లీసా? ఇంజిన్ కాదు, ఛాసీ చూడండి

అమ్మినాయన రెండో ప్రపంచ యుద్ధకాలపు ఫోర్డ్ జీపు (జీపీడబ్ల్యూ మోడల్) అన్నాడు, ఇంజిన్ మీద మాత్రం విల్లీస్ నంబర్ ఉంది, మోసపోయానా అని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి. ఇన్నేళ్లలో ఇంజిన్ మారడం మామూలే. ఫోర్డ్ కంపెనీ కూడా విల్లీస్ కంపెనీ డిజైన్‌తోనే ఈ జీపులు చేసింది కాబట్టి ఒకదాని ఇంజిన్ రెండోదాంట్లో చక్కగా కూర్చుంటుంది.

రేడియేటర్ కింద ఛాసీకి, అంటే బండి అడుగు చట్రానికి, అడ్డంగా ఉన్న కమ్మీ చూడండి. గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన ‘యూ’ ఆకారమైతే ఫోర్డ్. బోల్టుల తలల మీద ‘ఎఫ్’ అక్షరం ఉంటే నమ్మకం ఇంకా పెరుగుతుంది. దయచేసి వాటిని పారేసి కొత్తవి బిగించకండి, బండి చరిత్ర వాటిలోనే ఉంది.

గ్రిల్‌కి 9 సందులుండాలి. 7 ఉంటే అది యుద్ధం తర్వాతి సివిల్ మోడల్‌ది.

ఫోర్డ్ ఛాసీ నంబర్ బానెట్ కింద ఎడమవైపు ఛాసీ పైభాగాన, ఇంజిన్‌ని బిగించే మౌంటింగ్ దగ్గర కొట్టి ఉంటుంది. అక్కడి తుప్పు వైర్ బ్రష్‌తో మెల్లగా తియ్యండి. గ్రైండర్ పెడితే అంకెలు పోతాయి.