బిల్లు లేని కెమెరాల్లో నిజంగా మిగిలేది ఎంత?

ప్రశ్న: అనంతపురం పాతూరులో మాకు హోల్‌సేల్ కిరాణా అంగడి, దాని వెనక గోదాము ఉన్నాయి. 8 సీసీ కెమెరాలు పెట్టించాలి. ఇక్కడి అధీకృత డీలరు జీఎస్టీతో కలిపి 53,572 రూపాయలకు కొటేషన్ ఇచ్చారు. అదే బ్రాండు సరుకు బెంగళూరు నుంచి తెప్పించి 36,000కే బిగించి ఇస్తానని తెలిసిన పిల్లోడు అంటున్నాడు. బిల్లు మాత్రం ఉండదట. మిగిలే 17 వేలు చీటీకి కట్టుకోవచ్చు కదా అని ఇంట్లో అంటున్నారు. జీఎస్టీ రెగ్యులర్ పద్ధతిలోనే కడుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: చీటీ సంగతి తర్వాత. ముందు ఆ 17 వేలు నిజంగా 17 వేలేనా అన్నది చూద్దాం. మీరు పంపిన కొటేషన్‌లో ఒక్కోటి 2,400 చొప్పున 8 కెమెరాలకు 19,200, డీవీఆర్‌కు (రికార్డు చేసే పెట్టె) 6,800, 2 టీబీ హార్డ్‌డిస్కుకు 7,500, పవర్ సప్లైకి 1,200, 90 మీటర్ల కేబుల్ చుట్టలు రెండింటికి 4,800, కనెక్టర్లకూ బాక్సులకూ 1,900, బిగింపుకు 4,000 వేశారు. మొత్తం 45,400. దానిపై 18 శాతం జీఎస్టీ 8,172.

మీరు రెగ్యులర్ పద్ధతిలో ఉన్నారు కాబట్టి ఈ 8,172ను మీరు కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు, దీన్నే క్రెడిట్ అంటారు. అంటే మీ చేతి నుంచి పోయేది 45,400 మాత్రమే. అసలు తేడా 9,400. ఇందుకు బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు ఉండాలి, డీలరు తన రిటర్న్‌లో చూపినది మీ జీఎస్టీఆర్-2బీలో (పోర్టల్‌లో మీ క్రెడిట్ వివరాలు చూపే పత్రం) కనబడాలి, డీలరుకు డబ్బు 180 రోజుల్లోపు ముట్టాలి. ఎనిమిదింటిలో ఒకటి ఇంటి గుమ్మానికి పెట్టించుకుంటే ఆ వంతు క్రెడిట్ వదులుకోవాలి. డీలరే కాంపోజిషన్‌లో (అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తానే కట్టే చిన్న వ్యాపారుల పద్ధతి) ఉంటే ఆయన పన్ను వసూలు చేయనే కూడదు, మీకు క్రెడిట్ రాదు. కాబట్టి కొటేషన్ మీది ఆయన నంబరును జీఎస్టీ పోర్టల్‌లో ఒకసారి కొట్టి చూడండి.

ఆదాయపు పన్ను వైపు కూడా ఇంకొంత ఉంది. బిల్లు లేని 36,000ను ఆడిటరు పుస్తకాల్లోకి ఎక్కించలేరు, తరుగుదల చూపలేరు. మీరు అంచనా లాభం పద్ధతిలో (అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపడం) రిటర్న్ వేస్తుంటే మాత్రం ఇది మీకు వర్తించదు. బిల్లుతో కొన్నా సరే, ఒక రోజులో ఒకరికి 10,000 దాటి నగదుగా ఇస్తే ఆ మొత్తం ఆస్తి ఖరీదులోకి రాదు. యూపీఐ గానీ చెక్కు గానీ వాడండి.

ఇప్పుడు ఆ 9,400 ఎందుకు ఆదా అవుతోందో చూద్దాం. ఇలా బిల్లు లేకుండా వచ్చేది చాలావరకు గ్రే మార్కెట్ సరుకు. అంటే నకిలీ అనే కాదు. వేరే దేశం కోసం తయారైన అసలు కెమెరాను కంపెనీ దారిలో కాకుండా పక్కదారిన తెచ్చి అమ్మడం కూడా అదే. పెట్టె, బొమ్మ అన్నీ బాగానే ఉంటాయి. చిక్కు ఫర్మ్‌వేర్‌లో, అంటే కెమెరాను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌లో వస్తుంది. చైనా మార్కెట్ కోసం తయారైన యూనిట్‌లో ఎవరో మార్చిన ఇంగ్లిషు సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉంటారు. కంపెనీ సైటు నుంచి అప్‌డేట్ వేస్తే మెనూ చైనీసులోకి మారిపోతుంది, లేదా యూనిట్ అసలు లేవనే లేవదు. కొన్నింటిని ప్రాంతం వేరని కంపెనీ మొబైల్ యాప్ చేర్చుకోదు.

అప్‌డేట్ వేయకుండా వదిలేస్తే ఏమవుతుందని అడగొచ్చు. 2021లో హిక్‌విజన్ అనే చైనా కంపెనీ కెమెరాల్లో పాస్‌వర్డ్ తెలియకపోయినా ఇంటర్నెట్ ద్వారా లోపలికి చొరబడగల లోపం బయటపడింది. కంపెనీ సరిచేసిన ఫర్మ్‌వేర్ విడుదల చేసింది. సరైన దారిలో కొన్నవాళ్లు దాన్ని వేసుకోగలిగారు. మార్చిన సాఫ్ట్‌వేర్ ఉన్న యూనిట్‌కు ఆ దారి లేదు. మీ గల్లాపెట్టె మీద పెట్టే కెమెరాను ఊరూ పేరూ తెలియనివాడు చూడగలగడం చిన్న విషయం కాదు.

ఇక వారంటీ. కెమెరాలకు సాధారణంగా 2 ఏళ్లు, నిఘా అవసరాలకు తయారుచేసే హార్డ్‌డిస్కులకు 3 ఏళ్లు ఇస్తారు. బిల్లు లేని డీవీఆర్ ఒక్కటి పోతే కొత్తదానికి మీ కొటేషన్ ధరకే, పన్ను సర్దుకున్నాక కూడా, 6,800. అంటే 9,400లో 2,600 మిగిలినట్టు. మళ్లీ బిగింపు కూలి, అన్ని రోజులు రికార్డింగ్ లేకపోవడం దీనికి అదనం. ఆ పిల్లోడు మంచివాడే కావచ్చు, కానీ ఆ డీవీఆర్‌ను వెనక్కి తీసుకునేవాళ్లు అతనికీ ఉండరు.

చట్టం వైపు కూడా మార్పు వచ్చింది. 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలకు మామూలు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్‌తో పాటు సైబర్ భద్రతా పరీక్షలు కూడా తప్పనిసరయ్యాయి. పక్కదారి సరుకుకు ఇవేవీ ఉండవు, చవగ్గా రావడానికి అదీ ఒక కారణమే. మన కడప దగ్గర కొప్పర్తిలోనే సీపీ ప్లస్ కెమెరాల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ‘ఇక్కడి సరుకే సార్’ అనే మాట మీకు వినిపించొచ్చు. ఆ మాటను కాదు, పెట్టెను చూడండి. దాని మీద రూపాయల్లో ఎంఆర్‌పీ, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, నెల, సంవత్సరం లేకపోతే అది మన దేశంలో అమ్మడానికి వచ్చిన పెట్టె కాదు. ‘ఆర్-’ తర్వాత 8 అంకెలుండే నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో చూపిస్తుంది. పెట్టె మీది సీరియల్ నంబరు, యూనిట్ స్టిక్కరు మీది నంబరు, డీవీఆర్ మెనూలో కనబడేది మూడూ ఒకటే కావాలి. ఆ నంబరుతో కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి వారంటీ ఉందా అని అడగండి. ఇది అధీకృత డీలరు దగ్గర కొన్నా చేయాల్సిందే. గోడ మీద బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు.

హార్డ్‌డిస్కు దగ్గర మోసం ఎక్కువ. 36,000 ప్యాకేజీలో 1 టీబీ అనే ఉంది, ఏ రకమో రాయలేదు. పాత కంప్యూటర్ల నుంచి తీసిన డిస్కును తుడిచి పెట్టడం మామూలే. డిస్కు వివరాల్లో ‘పవర్ ఆన్ అవర్స్’ చూపించమనండి. ఏడాదికి 8,760 గంటలు. కొత్త డిస్కులో 20,000 కనబడితే అది రెండేళ్లకు పైగా తిరిగిన సరుకు. సైజు కూడా లెక్క వేసుకోండి. 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజంతా రాస్తే 21.6 జీబీ. ఎనిమిదింటికి రోజుకు 173 జీబీ దాకా. 1 టీబీ అయితే ఐదారు రోజులు, 2 టీబీ అయితే 11 రోజులు. మీది హోల్‌సేల్ వ్యాపారం, నూనె డబ్బాలు తగ్గిన సంగతి నెలాఖరు స్టాక్ లెక్కలో గాని తెలియదు. అప్పటికి 11 రోజుల రికార్డింగ్ ఏం చూపిస్తుంది? డబ్బు ఎక్కువ పెట్టాల్సిన చోటు ఇదే. 4 టీబీ అడగండి, 23 రోజుల దాకా వస్తుంది.

ఆ డబ్బు ఎక్కడి నుంచి అంటారా, మీ కెమెరాల ప్లానులో బియ్యం మూటల వరసల మధ్య రెండు కెమెరాలున్నాయి. మూటల ఎత్తు మారినప్పుడల్లా అవి గోడనే చూస్తాయి. వాటిని తీసేస్తే కెమెరా, బిగింపు కలిపి 5,800, పన్నుతో 6,844 తగ్గుతుంది. ఆరు కెమెరాలతో అదే 4 టీబీలో దాదాపు నెల రికార్డింగ్ నిలుస్తుంది. కేబుల్, బాక్సులు డీలరు దగ్గరే కొనాలనేమీ లేదు. మంచి రాగి తీగ ఉన్నది ఎక్కడ దొరికినా బిల్లుతో తెచ్చుకోండి.

అధీకృత సరుకుకు వారంటీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. పిడుగు, కరెంటు హెచ్చుతగ్గుల వల్ల కాలినదానికి సాధారణంగా వారంటీ వర్తించదు. డీవీఆర్‌కు యూపీఎస్, ఎర్తింగ్ మీరే చూసుకోవాలి. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగితే కెమెరా అర ఆంపియర్ దాకా లాగుతుంది. ఎనిమిదింటికి 4 ఆంపియర్లు. కొటేషన్‌లోని 5 ఆంపియర్ల పవర్ సప్లై అందుకు ఇరుకు, 10 ఆంపియర్లది వేయించండి. గోదాము చివరి కెమెరా చీకటి పడగానే ఆగి ఆగి వస్తుంటే కెమెరాను తిట్టకండి, దూరం వల్ల వోల్టేజీ పడిపోయి ఉంటుంది.

ఒకవేళ మీరు కాంపోజిషన్‌లో ఉండి ఉంటే తేడా మొత్తం 17,572 మీ మీదే పడేది. అప్పుడూ కెమెరాలు, డీవీఆర్, డిస్కు బిల్లుతోనే కొనమని, కెమెరాల సంఖ్య తగ్గించుకోమని చెప్పేదాన్ని. గొడవ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ, జిల్లా కమిషన్‌కు గానీ వెళ్లడానికి చేతిలో కాగితం కావాలి. వ్యాపారం కోసం కొన్నారని ఎదుటివారు అభ్యంతరం చెప్పొచ్చు. బతుకుతెరువు కోసం స్వయంగా నడుపుకునే అంగడికి చట్టంలో మినహాయింపు ఉంది. దొంగతనం కేసులో రికార్డింగ్ ఇవ్వాల్సి వస్తే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద పరికరం వివరాలతో ధ్రువపత్రం జతచేయాలి. అక్కడ సీరియల్ నంబరు అడుగుతారు.

అందుకే ప్రతి కెమెరా, డీవీఆర్, డిస్కు సీరియల్ నంబర్లు బిల్లు మీదే రాయించండి. సరుకు దిగాక సగం, బిగించాక 40 శాతం డీలరు సంస్థ ఖాతాకే పంపండి, వ్యక్తిగత నంబరుకు వద్దు. చివరి 10 శాతం వారం ఆగి, ఒక రాత్రి రికార్డింగ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీసి చూపించాక ఇవ్వండి. మొబైల్ యాప్‌లో పరికరం బిగించినవాళ్ల ఖాతాలో కాక మీ ఖాతాలో చేరిందో లేదో, అడ్మిన్ పాస్‌వర్డ్ మీరే మార్చారో లేదో ఆ పూటే చూసుకోండి.