గొడవల మధ్య, పేదరికంలో పెరిగే పిల్లలు చదువులో ఎందుకు వెనకబడతారు?

తెలివి లేక కాదు, భయం వాళ్ల బుర్రకు తీరిక ఇవ్వక. ప్రమాదం పసిగట్టగానే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. గుండె దడదడలాడుతుంది, నిద్ర పట్టదు. రోజూ ఇదే అయితే, తలుపు చప్పుడుకే ఉలిక్కిపడే పిల్లాడికి పాఠం తలకెక్కదు. ఇంట్లో పూట గడవకపోతే ఆ భారం ఇంకా పెరుగుతుంది.

అమెరికాలోని షికాగోలో, తమ పేటలో హత్య జరిగిన వారంలోపే పరీక్ష రాసిన నల్లజాతి పిల్లలకు చదవడంలో, పదజాలంలో మార్కులు బాగా తగ్గాయి. హత్యను కళ్లారా చూడనక్కర్లేదు, చుట్టుపక్కల జరిగితే చాలు.

ఇలాంటి పిల్లలు పెద్దయ్యాక రౌడీలే అవుతారనుకోవడం మాత్రం అన్యాయం. ఎక్కువమంది అలా కారు. అమ్మమ్మో, టీచరో, నమ్మకంగా అండగా నిలిచేవాళ్లు ఒక్కరున్నా ఆ భయం తీవ్రత తగ్గుతుంది.