సమాధానం వెదకబోతున్న మా అమ్మాయికి

ఒంగోలు

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి, నీ పెద్దమ్మ దీవించి వ్రాయునది.

నీవు ఉద్యోగానికి రెండు నెలలు సెలవు పెట్టి మా ఇంటికి వస్తానన్నావనీ, నలభై రోజులు ఉపవాసముండి రోజూ ప్రార్థన కొండ ఎక్కుతానన్నావనీ, దేవుని సమాధానం దొరికేదాకా హైదరాబాదు తిరిగి వెళ్లనన్నావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మీ నాన్నగారు పోయిన తరువాత నీవు మనుషుల మీద విసుగు చెంది ఒంటరివైపోతావేమోనని బెంగపడ్డాను గాని, దేవుని పాదాల దగ్గరకే వెళ్లాలని నీకు తోచినందుకు పొంగిపోయాను. ఆ పొంగు ఆ సాయంత్రం దాకా కూడా నిలవలేదు. మీ నాన్నగారి ఆదరణ కూటం గుర్తుకొచ్చింది. అందులో నీవు మైకు పట్టుకొని "నాకు పరిపూర్ణమైన సమాధానం ఉంది" అని సాక్ష్యం చెప్పినప్పుడు అందరూ హల్లెలూయా అన్నారు. నేను మాత్రం నీ చేతిలో వణుకుతున్న మైకునే చూస్తూ కూర్చున్నాను. ఆ వణుకు నాకు కొత్త కాదు.

నీకు తెలిసిన సంగతులు చెప్పి విసిగించను. ఉదయం ఒక కీర్తన చదువు, ఆదివారం గుడి మానకు, పడుకోబోయే ముందు ఫోను వేరే గదిలో పెట్టు.

ఉపవాసం గురించి మాత్రం కోప్పడక తప్పదు. డాక్టరు ఇచ్చిన నిద్రమాత్రలు మానేసి విశ్వాసంతో నిద్రపోతానన్నావట. ఈ మాట ఎవరి దగ్గర నేర్చుకున్నావో నాకు తెలియదు గాని, పౌలు తన పక్కన లూకా అనే వైద్యుణ్ణి ఉంచుకున్నాడు, తిమోతి కడుపుజబ్బుకు ఏం తీసుకోవాలో కూడా ఉత్తరంలో వ్రాశాడు. మాత్రలు తగ్గించాలన్నా మానాలన్నా ఆ మాట డాక్టరు నోట రావాలి. ఇక నలభై రోజులంటావా, శ్రమకాలపు ఉపవాసం మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా లెక్కపెట్టి చూడు, 46 వస్తాయి. అందులో ఆరు ఆదివారాలను పెద్దలు ఉపవాసపు లెక్కలోంచి తీసేశారు, ఎందుకంటే పునరుత్థాన దినాన కడుపు మాడ్చుకోకూడదని. ఏలీయా ప్రవక్త చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడిపోయినప్పుడు దేవుడు అతనికి ఉపదేశం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. నలభై దినాల నడక ఆ తరువాతిది. నీవు ఇంకా ఆ చెట్టు కిందనే ఉన్నావు తల్లీ. నా ఇంట్లో మొదటి వారం ఉపవాసం లేదు, అన్నమే.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

మీ అన్న, అంటే మా అబ్బాయి, 1991లో కొత్తపట్నం సముద్రంలో పోయేనాటికి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో ఉన్నాడు. సమాధి చేసిన మూడవ ఆదివారం స్త్రీల సమాజంలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నేను లేచి "యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగునుగాక" అన్నాను. కంట తడి లేకుండా అన్నాను. ఆడవాళ్లందరూ ఏడ్చారు, నా విశ్వాసాన్ని మెచ్చుకున్నారు, ఆ నెలలోనే పక్క ఊరి సంఘంవారు పిలిచారు, ఆ తరువాత ఇంకొకరు పిలిచారు. అలా మూడేళ్లు నా బిడ్డ చావును ఊరూరా చెప్పుకుంటూ తిరిగాను. చెప్పిన ప్రతిసారీ నాకు సమాధానం ఉందనే చెప్పాను. రాత్రిళ్లు మాత్రం కళ్లు మూస్తే అలల చప్పుడు వినిపించేది. లేచి కూర్చుని, పక్కన మీ పెదనాన్నగారు నిద్రపోతున్నారని అనుకుని, మళ్లీ పడుకునేదాన్ని.

ఆయన నిద్రపోవడం లేదని తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఒక శనివారం రాత్రి దొడ్లో ఏదో చప్పుడైతే లాంతరు పట్టుకొని వెళ్లాను. ఆయన పిల్లవాడి సైకిలు ముందు కూర్చుని గొలుసుకు నూనె వేస్తున్నారు. ఎవరూ ఎక్కని సైకిలు, ప్రతి శనివారం వేస్తున్నారట. నన్ను చూసి దొంగతనం చేస్తూ దొరికినవాడిలా లేచి నిలబడి, "నీకు విశ్వాసం ఎక్కువ, నాకు అంత లేదు. నీ ముందు ఏడిస్తే నీ సాక్ష్యం చెడిపోతుందని ఇక్కడికి వస్తున్నాను" అన్నారు.

అమ్మాయీ, యోబు గ్రంథంలో 42 అధ్యాయాలున్నాయి. నేను మొదటి అధ్యాయంలో ఆ "యెహోవా ఇచ్చెను" అన్న ఒక్క వచనం పట్టుకొని పుస్తకం మూసేశాను. మూడవ అధ్యాయంలో ఆ యోబే తాను పుట్టిన దినాన్ని శపించాడు, ఆ తరువాత దేవునితో వాదులాడాడు. చివరికి దేవుడు, నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు యుక్తమైనది పలకలేదని కోప్పడింది తన పక్షాన చక్కగా వాదించిన యోబు స్నేహితులను. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అంటూ ముగుస్తుంది, తరువాత ఓదార్పు మాట ఒక్కటీ లేదు, అయినా అది ప్రార్థనే. ఇవన్నీ ఎన్నోసార్లు చదివినదాన్నే. నా ఇంట్లో మనిషి నా విశ్వాసానికి భయపడి దొడ్లో ఏడుస్తుంటే అర్థమయ్యాయి. ఆ రాత్రి సైకిలు పక్కనే కూర్చుని తెల్లవారేదాకా ఇద్దరం ఏడ్చాము, దేవుణ్ణి నిలదీశాము. పొద్దెక్కేదాకా నిద్రపోయి, పెళ్లయ్యాక మొదటిసారి ఆదివారం ఆరాధన తప్పాము. మధ్యాహ్నం మా సంఘ కాపరి అయ్యగారు చూడటానికి వచ్చి, సంగతి గ్రహించి, ఏమీ బోధించకుండా ఒక గంట కూర్చుని వెళ్లారు.

నేను బడిలో తెలుగు చెప్పినదాన్ని గనుక ఒక మాట. ప్రశ్నపత్రంలో "సమాధానములు వ్రాయుము" అంటే జవాబులు వ్రాయమని. మన బైబిలులో సమాధానమంటే మనశ్శాంతి. మూడేళ్లూ నేను మొదటి అర్థంలోనే అడిగాను: నా బిడ్డనే ఎందుకు, ఆ రోజే ఎందుకు అని. దానికి జవాబు ఇప్పటికీ రాలేదు. ఆ రాత్రి తరువాత కొద్దికొద్దిగా రెండవది వచ్చింది, అదీ రోజూ ఉండదు. మీ నాన్నగారి విషయంలో నీవు ఏది అడుగుతున్నావో కొండ ఎక్కేముందు తేల్చుకో.

కొండ సంగతి కూడా చెప్పాలి. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు దాని మీద మోకరించి ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. మర్నాడు ఎవరూ రాలేదు. వాళ్లు అడిగిన సేవకుడు క్లౌ దొర ఇక్కడికి వచ్చింది 1866లో. ఆ తరువాత 1876-78 కరవు వచ్చినప్పుడు ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం ఒప్పుకొని జనానికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం అడిగినవాళ్లు మాత్రం కూటి కోసం అడుగుతున్నారేమోనని ఆపి ఉంచాడు. చివరికి 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. జనం ఆ అంకెను చెప్పుకుంటారు, నాకు మాత్రం మధ్యలోని 24 సంవత్సరాలే గుర్తుకొస్తాయి. నీవు రెండు నెలల గడువు పెట్టుకొని వస్తున్నావు, అందుకే ఇదంతా. దొరకకపోయినా సెలవు అయిపోగానే ఉద్యోగానికి వెళ్లు. దేవుడు హైదరాబాదులోనూ ఉన్నాడు.

కొండకు ఎండెక్కక ముందే వెళ్లాలి, నీళ్లు తీసుకెళ్లాలి, ఒంటరిగా వెళ్లకూడదు. కొత్తపట్నం వైపు అసలే వెళ్లకు, ఎవరు పిలిచినా, ఎంత మంచి ప్రార్థన కూటమైనా సరే. ఇది విశ్వాసం చాలక అంటున్న మాటే అనుకో, నాకు అభ్యంతరం లేదు. మా సంఘంలో నిన్ను సాక్ష్యం చెప్పమంటారు. పెద్దమ్మ వద్దన్నదని చెప్పు.

మందుల చీటీ, పలుచటి దుప్పటి తెచ్చుకో. నీవు వస్తున్నావని చెబితే మీ పెదనాన్నగారు మాట్లాడకుండా దొడ్లోకి వెళ్లారు. సాయంత్రం చూస్తే, ఇన్నేళ్ల తరువాత ఆ సైకిలుకు కొత్త టైర్లు వేయించి, సీటు నీ ఎత్తుకు దించి, వసారాలో పెట్టి ఉన్నారు.

నీ పెద్దమ్మ