దొరికిన యురేనియం ఏ దేశానిదో ల్యాబ్ చెప్పేస్తుందా?

"స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న యురేనియాన్ని ల్యాబ్‌లో పరీక్షిస్తే అది ఏ దేశానిదో కచ్చితంగా తెలుస్తుందా?" అని అడిగారు. తెలియదు. అంటే, ల్యాబ్ ఒక్కదానితో తెలియదు. సీరియళ్లలో చిటికెడు పొడి యంత్రంలో వెయ్యగానే తెర మీద ఫ్యాక్టరీ పేరుతో సహా వచ్చేస్తుంది చూడండి, అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

నేను పనిచేసింది అణు ల్యాబ్‌లో కాదు, రాళ్ల వయసు కట్టే ఐసోటోప్ ల్యాబ్‌లో (ఐసోటోప్‌లంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు, 235, 238 లాంటి అంకెలు ఆ బరువులే). కానీ పరమాణువుల్ని బరువు ప్రకారం విడదీసి లెక్కపెట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ అదే, కెమిస్ట్రీ కూడా దాదాపు అదే. ఒకసారి బయటివాళ్లు పంపిన బురద శాంపిళ్లు నడుపుతుంటే గ్రాఫులో 236 బరువు దగ్గర పీక్ లేచింది. ప్రకృతిలో యురేనియం-236 మామూలు యంత్రాలకు కనపడనంత తక్కువ, కాబట్టి కనపడిందంటే ఆ యురేనియం ఎప్పుడో రియాక్టర్‌లోకి వెళ్లొచ్చిందనే లెక్క. ముందు హైడ్రైడ్ అనుకున్నాం (235కి ఒక హైడ్రోజన్ అంటుకుంటే అదీ 236 దగ్గరే కనపడుతుంది), కానీ పీక్ దానికి మరీ పెద్దది. శాంపిళ్లు పంపినాయన అప్పటికే ఫోన్‌లో రీప్రాసెసింగ్ ప్లాంటు (వాడేసిన ఇంధనంలోంచి యురేనియం, ప్లుటోనియం వేరుచేసే చోటు), లీకేజీ అంటూ మొదలుపెట్టారు. మా సీనియర్‌కి ఒకటే టెన్షన్, ఈ సంగతి ఎవరికి చెప్పాలి, చెప్పకపోతే ఏమవుతుంది అని. నేను మాత్రం ముందు బ్లాంక్ నడపాల్సిందేనని పట్టుబట్టాను, అంటే శాంపిల్ లేకుండా ఉత్త యాసిడ్‌నే అదే బీకర్లలో, యురేనియాన్ని వేరుచేసే అదే కాలమ్‌ల గుండా పంపడం. అందులోనూ 236 వచ్చింది! ఆ శాంపిళ్లకి 233 వైపు ఎవరూ చూడలేదు, బ్లాంక్‌లో మొత్తం స్కాన్ చేస్తే అక్కడా పీక్ ఉంది. ఇంకేముంది, యురేనియం ఎంతుందో లెక్కకట్టడానికి మేమే కలిపే స్పైక్ ద్రావణంలో ఉండేవి ఆ రెండే. పక్క హుడ్‌లో ఎవరో స్పైక్ వాడిన బీకర్లని యాసిడ్‌లో సరిగా ఉడికించకుండా అలాగే షెల్ఫ్‌లో పెట్టేశారు. యంత్రం కొనడానికి ఎక్కడలేని డబ్బులూ వస్తాయి, బీకర్లు కడిగే మనిషికి జీతం ఇమ్మంటే మాత్రం ఉండవు.

అందుకే ఎవరైనా ఐసోటోప్ అంకెలు చూపించి ఇది ఫలానా వాళ్లది అంటే నేను ముందు బ్లాంక్ అంకెలు అడుగుతాను.

అయితే సైన్స్ పనికిరాదని కాదు. 235, 238ల నిష్పత్తి చూస్తే 235 వాటాని ఎంత పెంచారో (ఎన్‌రిచ్‌మెంట్) తెలుస్తుంది. 234 నుంచి పుట్టే థోరియం-230 ఎంత పోగైందో కొలిస్తే, యురేనియంలోంచి మిగతావన్నీ తీసేసి చివరిసారి ఎప్పుడు శుద్ధి చేశారో తెలుస్తుంది. గని సంగతి రేర్ ఎర్త్‌ల (ఖనిజంలో కొద్దికొద్దిగా ఉండే కొన్ని లోహాలు) తీరు చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ప్రాజెక్టులోని హైసెన్‌బర్గ్ క్యూబ్ అనే యురేనియం ముక్కని ఈ దారిలోనే 1943 నాటిదని తేల్చారు, ముడిఖనిజం చెక్ ప్రాంతంలోని యాకిమోవ్ వైపుదని కూడా.

కానీ పేరు పెట్టి చెప్పాలంటే పోల్చుకోవడానికి ఇంకేదో చేతిలో ఉండాలి. 2004లో అమెరికాలోని హాన్‌ఫర్డ్ అణు కేంద్రం చెత్త గుంటలో పాత ఇనప్పెట్టె ఒకటి బయటపడింది, లోపల గాజు సీసాలో ప్లుటోనియం. అది ఓక్ రిడ్జ్‌లోని ఎక్స్-10 రియాక్టర్‌లో తయారై 1944లో హాన్‌ఫర్డ్‌లో వేరు చేసినదని పట్టుకోగలిగారు. ఎందుకు? రియాక్టరూ అమెరికా వాళ్లదే, పాత రికార్డులూ వాళ్లవే.

ఇప్పుడు బల్గేరియా సంగతి చూడండి. 1999లో రూసే దగ్గర సరిహద్దులో ఒక కారులో సీసపు డబ్బా దొరికింది, అందులో పసుపు మైనం, మైనంలో గాజు ఆంప్యూల్ (మూసేసిన చిన్న సీసా), ఆంప్యూల్‌లో 235 వాటా 72 శాతం పైచిలుకు ఉన్న కొద్ది గ్రాముల యురేనియం. అమెరికాలోని లివర్‌మోర్ ల్యాబ్ వాళ్లు పొడినే కాదు, మైనాన్నీ సీసాన్నీ కాగితాన్నీ కూడా విప్పి చూశారు. మైనానికి ఆ రంగు బేరియం క్రోమేట్ వల్ల వచ్చిందని, యురేనియం వాడేసిన ఇంధనం నుంచి తీసిందని, 1993 చివర్లో ఆఖరిసారి శుద్ధి చేశారని తేలింది. ప్యాకింగ్‌కి వాడిన సామాను తూర్పు యూరప్ వైపు చూపించింది. రెండేళ్లకు పారిస్‌లోనూ ఇలాంటిదే దొరికితే రెండూ ఒకచోటివే అయ్యుండొచ్చని పోల్చగలిగారు కూడా. ఇంత పని జరిగాక కూడా ఫలానా ప్లాంటు అని అధికారికంగా తేల్చలేకపోయారు, ఎందుకంటే ఎదుటివాడి స్టాకు వివరాలు ఎదుటివాడి బీరువాలో ఉంటాయి, అది తెరవమని ఏ మాస్ స్పెక్ట్రోమీటరూ అడగలేదు. దేశాలు తమ శాంపిళ్లు, లెక్కలు ఒకచోట పెట్టడానికి ఒప్పుకుంటే మీ ప్రశ్నకి అవునని చెబుతాను. ఒప్పుకోవు, సరుకు తమ దగ్గర్నుంచే పోయిందని ఒప్పుకోవడం ఎవరికి ఇష్టం చెప్పండి.